చూరు నీళ్లు

నేను పరిచిన టైల్స్ మీద చెంబుడు నీళ్లు పోస్తే ఒక్క చుక్క కిందికి దిగదు. ముప్ఫై ఏళ్లుగా ఈ మాట అంటూ, నలుగురి చేతా అనిపించుకుంటూ బతికాను. నరసన్నపేట చుట్టుపక్కల గచ్చుపనికి భాస్కర్ మేస్త్రీ అంటే పెట్టింది పేరు. కల్యాణ మండపాలు చేశాను, కోవెలలు చేశాను, కిందటేడు మొదటిసారి ఒక చర్చి చేశాను. ఆ చర్చి తరవాత ఆ మాట మళ్లీ నా నోట రాలేదు.

జీలుగువలస అనే ఊరు సాలూరు నుంచి కొండల వైపు పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. ఊరి మొదట్లోనే ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ మిషన్ వాళ్ల ఆవరణ. ఆరెకరాల ప్రహరీలో చర్చి, గంట గోపురం, స్వాములోరని పిలిచే ఫాదర్‌గారి బంగళా, సిస్టర్ల మఠం, బడి, మూతబడ్డ హాస్టలు, వెనకాల సమాధుల తోట. నూట ముప్ఫై ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన ఒక తెల్ల స్వాములోరు తనే గీత గీసి, తనే ఎండలో నిలబడి కట్టించారట. ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు. పెద్దస్వాములోరంటే ఆయనే.

కట్టినవాడు పనివాడు. సాటి పనివాణ్ణి మెచ్చుకోవడం నాకు సులువుగా వచ్చే గుణం కాదు గానీ, ఈయన్ని మొదటి రోజే మెచ్చుకున్నాను. గోడలు రెండున్నర అడుగుల మందం, అంతా కొండరాయి. సున్నం ఆవరణలోనే ఎడ్లతో గానుగ ఆడించారు. గానుగ రాయి తిరిగిన గుండ్రటి కాలవ మఠం వెనక ఇప్పటికీ ఉంది, సిస్టర్లు అందులో తోటకూర వేసుకుంటున్నారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపిన ఆ సున్నాన్ని ఒకచోట చెక్కబోతే నా ఉలి మొన వంగింది. పైన టేకు దూలాలు, వాటి మీద పెంకు. కిటికీలు సన్నగా, పొడుగ్గా, పైన వంపు తిరిగి ఉంటాయి. మే నెల మిట్టమధ్యాహ్నం లోపలికెళ్లినా చెమట ఆరిపోతుంది.

అంతటి పనివాడూ ఒక్కచోట తప్పు చేశాడనుకున్నాను. దక్షిణం పక్క చూరు అడుగున్నర బయటికి వచ్చి ఆగింది, దాని కింద నీళ్లు పోవడానికి రాతి కాలవ కూడా ఉంది. ఉత్తరం పక్క చూరు మాత్రం నాలుగున్నర అడుగులు ముందుకొచ్చేసింది. అంత బరువు మోయలేక వాసాలు వంగాయి. దాని కింద కాలవ లేదు, బండ లేదు, ఉత్త నేల. వానొస్తే కప్పు మీది నీళ్లన్నీ ఆ నేల మీదే పడి, మట్టిలోకి ఇంకి, గోడ మొదట్లోకి పాకేవి. ఉత్తరం గోడ కిటికీ ఎత్తుదాకా చెమ్మగిల్లి, సున్నం అట్టలు అట్టలుగా ఊడుతోంది. ఏ అనుభవం లేని వడ్రంగో కొలత తప్పి ఉంటాడని నవ్వుకున్నాను.

చర్చి బాధ్యత చూసే విచారణ గురువులు ఫాదర్ ఇన్నారెడ్డి గుంటూరు వైపు మనిషి, నలభై దాటని వయసు, వచ్చి రెండేళ్లే అయింది. ఆయన నాకు చెప్పిన పని మూడు ముక్కలు. ఉత్తరం గోడ ఆరాలి. లోపల నేల అడుగు ఎత్తు లేచి టైల్స్ పడాలి, ఎందుకంటే ఇన్నేళ్లలో బయట నేల పెరిగిపోయి వాననీళ్లు పెద్ద గుమ్మంలోంచి లోపలికొస్తున్నాయి. ఆగస్టు పదిహేను మాత మోక్షారోపణ పండగకి బిషప్పుగారు వచ్చి దీవించే వేళకి అంతా అయిపోవాలి. అవుతుందన్నాను. నా బావమరిది పైడిరాజుని ట్రాక్టరుతో సహా పిలిపించుకుని, హాస్టల్ గదిలో మకాం పెట్టాను.

మొదటి వారంలోనే గున్నమ్మ తగిలింది. రిజిస్టరులో ఆవిడ ఆగ్నేసమ్మ, ఊరికి మాత్రం గున్నమ్మ. డెబ్బై అయిదేళ్లుంటాయి. నలభై ఏళ్లు ఆ ఆవరణ ఊడ్చింది. ఇప్పుడు చీపురు పట్టకపోయినా పొద్దున్నే వచ్చి ఉత్తరం చూరు కింద ఒక రాయి మీద కూర్చునేది, చేతిలో జపమాల. ఆదివారం పూజ జరుగుతున్నా లోపలికి వెళ్లేది కాదు. ఉత్తరం గుమ్మం బయటే నిలబడి వినేది. సత్ప్రసాదం కూడా స్వాములోరే గుమ్మం దాకా తెచ్చి నోట్లో పెట్టేవారు. ఎన్నేళ్లుగానో అలాగే జరుగుతోందట, ఎందుకని అడిగినవాళ్లు లేరు.

"ఏటి మామ్మా, నోపల ఫేన్లు తిరుగుతన్నాయి కదా, బయట కూకున్నావేటి? స్వాములోరితో తగువేటి?" అని ఏడిపించాను.

"నాకు ఇక్కడే బాగుంటాది బాబూ," అంది. నా చేతిలో టేపు చూసి, "ఏటి కొలుస్తన్నావు?" అని అడిగింది.

"ఈ సూరుకి పొడుగునా రేకు కాలవ కడతాను. నీళ్లన్నీ పైపులోంచి బావి దగ్గరికి ఎల్లిపోతాయి. కింద అయిదడుగుల సిమెంటు గచ్చు ఏస్తే గోడ ఆరిపోతాది."

ఆవిడ లేచి నిలబడింది. "ఒద్దు బాబూ. ఈ పక్క కట్టకు. కావాలంటే ఆ పక్క కట్టుకో."

"ఆ పక్క గోడ రాయిలాగ ఉన్నాది. పాడైంది ఇదే కదా."

"పాడైతే పాడవనీ. ఇక్కడ నీళ్లు పడాల."

నవ్వాను. మర్నాడు మళ్లీ అదే మాట. మూడో రోజు ఆకులో చుట్టి పనసతొనలు తెచ్చి నా చేతిలో పెట్టి, "మేస్త్రీ బాబూ, నీ కాళ్లట్టుకుంటాను, ఒగ్గీయ్," అంది. ఎందుకో చెప్పమంటే తల దించుకుంది. పనసతొనలు తిన్నాను, పని మానలేదు. ఫాదర్‌గారికి చెబితే ఆయనా నిట్టూర్చారు. "పాతకాలం మనిషి, భాస్కర్‌గారూ. ఇక్కడ ఏ రాయి కదిపినా ఆమెకి బాధే. గోడ పడిపోతే మాత్రం ఆ కింద కూర్చున్న ఆమె మీదే పడుతుంది. మీ పని మీరు కానివ్వండి."

జూన్ నెలాఖరులో గున్నమ్మని కంటి ఆపరేషనుకి సాలూరు తీసుకెళ్లారు. నాలుగు రోజులదాకా రాదని తెలిసింది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ సంగతి దాచను. "ఒరే పైడీ, ముసిల్ది వచ్చేలోగా ఉత్తరం పక్క తేల్చేద్దాం," అన్నాను. వాడు చిన్న జేసీబీ మాట్లాడుకొచ్చాడు.

ఒక్క పూటలో అరవై అడుగుల పొడుగున, అయిదడుగుల వెడల్పున, రెండడుగుల లోతున మట్టి తీసేశాం. నూట ముప్ఫై ఏళ్లు వాన తాగిన మట్టి, నల్లగా, మెత్తగా, చేత్తో పట్టుకుంటే ముద్దయ్యేలా ఉంది. లోపల నేల ఎత్తు చేయడానికి మట్టి కావాలి, కొండ కింద నుంచి తెప్పించాలంటే ఆరు ట్రిప్పులు. ఎదురుగా ఇంత మంచి మట్టి ఉండగా బయటినుంచి తేవడం ఎందుకని లోపలే పోయించాను.

మధ్యలో పైడిరాజు ట్రాక్టరు ఆపి పిలిచాడు. "బావా, బాన పెంకులు తెగ వస్తన్నాయి. ఇదిగో, ఒకటి సగం బాన అలాగే ఉన్నాది, నోపల మట్టి."

"పూర్వం వంటిల్లు ఈ పక్క ఉండుంటాది. చెత్త పారేసుంటారు. పొయ్యి, దిమ్మిసకి అదే అణిగిపోతాది," అన్నాను.

వాడు పోశాడు. బలిపీఠం మెట్ల దగ్గర నుంచి పెద్ద గుమ్మం దాకా ఆ మట్టి సమానంగా పరిపించి, నీళ్లు చల్లించి, ఇద్దరు మనుషుల చేత దిమ్మిసతో రెండు రోజులు కొట్టించాను. పెంకులు తగిలినచోట టకటకమని చప్పుడొచ్చేది. ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగా వేయమన్నాను. పైన కాంక్రీటు, కాంక్రీటు మీద నాలుగడుగులకి రెండడుగుల టైల్స్. సందుల్లో సిమెంటు కాదు, కొత్తగా వచ్చిన జిగురు మందు కూరించాను. అంత శ్రద్ధగా నేను ఏ కోవెలకీ చేయలేదు.

కంటి ఆపరేషను అయ్యాక గున్నమ్మని కూతురు సాలూరులోనే ఉంచేసుకుంది. నాలుగు రోజులనుకున్నది ఆరు వారాలైంది. ఈలోగా ఉత్తరం పక్క గొయ్యి కంకరతో నింపి, పైన గచ్చు వేసి, చూరుకి రేకు కాలవ కట్టేశాం. ఆవిడ తిరిగొచ్చిన రోజు పెద్ద వాన. పండగకి ఇంకా మూడు రోజులుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గొడుగు పట్టుకుని గుడి చుట్టూ తిరిగి ఉత్తరం పక్కకి వచ్చి ఆగిపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"సూరు నీళ్ల సప్పుడు నేదేటి?" అంది.

వాన కురుస్తూనే ఉంది. కప్పు మీది నీళ్లు రేకు కాలవలో పడి, పైపులో గడగడమంటూ బావి దగ్గరికి పోతున్నాయి. చూరు కింద ఒక్క చుక్క పడటం లేదు. ఆవిడ చెప్పు విడిచి కాలితో తడిమింది. సిమెంటు పొడిగా తగిలింది. గొడుగు వదిలేసి అక్కడే చతికిలబడి రెండు అరచేతులూ గచ్చు మీద పెట్టింది. అరవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈడ నా గుంటడు ఉన్నాడు బాబూ," అంది.

అప్పుడు చెప్పింది. పందొమ్మిదో ఏట తొలి కానుపు. ఇంట్లోనే, మగపిల్లాడు. బియ్యం ఉడికినంత సేపు ఊపిరి పీల్చాడు. పిల్లడు దక్కేలా లేడని అందరికీ తెలుస్తూనే ఉంది. అలాంటప్పుడు స్వాములోరే రానక్కర్లేదు, ఎవరైనా సరే నెత్తిన నాలుగు చుక్కలు నీళ్లు పోసి దేవుడి పేరు చెబితే అది జ్ఞానస్నానమే అవుతుందని ఊళ్లో మతపాఠాలు చెప్పే ఉపదేశి నేర్పాడు. మంచం పక్కన గ్లాసుతో నీళ్లు ఉన్నాయి.

"నాకు దాహం బాబూ. నాలిక పిడసకట్టుకుపోనాది. ఆ గ్లాసెత్తి మొత్తం నేనే తాగేసినాను. మా అత్తకి గేపకం వచ్చి నూతి దగ్గరికి పరిగెట్టి నీళ్లు తెచ్చీసరికి ఆడు ఎల్లిపోనాడు. రెండు సుక్కలు ఒగ్గినా సాలును. తాగీసినాను."

జ్ఞానస్నానం లేని బిడ్డకి ఆ రోజుల్లో సమాధుల తోటలో చోటు లేదు. గుడిలో పూజ లేదు, శిలువ లేదు, రిజిస్టరులో పేరు లేదు. అలాంటి బిడ్డల్ని ఆడవాళ్లే కొత్త బానలో పెట్టి, మగవాళ్లకి కూడా చెప్పకుండా, ఉత్తరం చూరు కింద పాతిపెట్టేవారు. గున్నమ్మ అత్త వేళ్లు మడిచి పదకొండు మందిని లెక్కచెప్పేదట. అంతకు ముందువాళ్లు ఎందరో ఆవిడకీ తెలియదు.

గుడి కడుతున్న రోజుల్లోనే ఇది మొదలైందట. సున్నం మోసే కూలిమనిషి బిడ్డ అలాగే పోతే, ఆ తల్లి వెళ్లి పెద్దస్వాములోరి కాళ్ల మీద పడింది. మతం చట్టం దాటడం ఆయన వల్ల కాలేదు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి, తరవాత వడ్రంగుల్ని పిలిచి ఉత్తరం చూరు మూడడుగులు పెంచమన్నారు. ఆ కింద బండ పరవొద్దన్నారు. "గుడి నెత్తి మీంచి జారిన నీళ్లు ఉత్త నీళ్లు కావు," అని ఆ తల్లితో ఒక్కమాట అన్నారట. ఆ మాట అత్త నుంచి కోడలికి వచ్చింది. తను పోయలేకపోయిన నీళ్లు ఏటా వానాకాలం బిడ్డ మీద పడుతుంటే ఆవిడ పక్కనే కూర్చుని చూసుకునేది. బిడ్డని రానివ్వని లోపలికి తనూ వెళ్లలేదు. యాభై ఆరేళ్లు.

వింటూ ఉండగానే వెనకాల పైడిరాజు వచ్చి నిలబడ్డాడు. వాడి మొహం పాలిపోయి ఉంది. "బావా, ఆ పెంకులు..." అన్నాడు. చెయ్యెత్తి ఆపాను.

ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లాను. అంతా విని ఆయన లేచి, గోడకి వేలాడుతున్న పాత పటం దించి బల్ల మీద పెట్టారు. పెద్దస్వాములోరు గీసిన గుడి నమూనా అది. రోజూ చూస్తున్నదే. నల్లసిరాతో గీసిన కప్పుకి రెండు పక్కలా చూరు సమానంగా అడుగున్నరే ఉంది. ఉత్తరం పక్క మాత్రం ఆ గీతని పట్టుకుని, వెలిసిపోయిన ఎర్రసిరాతో ఇంకో గీత బయటికి లాగి ఉంది. పక్కన ఒక్క అక్షరం కూడా రాయలేదు. నేను తప్పనుకున్నది ఆయన కావాలని గీసిన గీత. ఆయన ఎంత తెలిసి కట్టాడో అంత తెలియక నేను తవ్వేశానని సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడు మా తిరుసభ అలా అనదు. ఆ పిల్లలు దేవుడి కరుణలో ఉన్నారనే నమ్ముతాం," అన్నారు ఫాదర్‌గారు. తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది. తరవాత గట్టిగా అన్నారు. "రేపే ఆ రేకు తీసేయండి. గచ్చు పగలగొట్టండి. గోడ సంగతి తరవాత చూద్దాం."

"తీసినా అక్కడ ఏటీ నేదండి," అన్నాను.

"అంటే?"

"మట్టి తీసేశాం. గుడి నోపల పోయించాను. పీఠం మెట్ల కాడినుంచి పెద్ద గుమ్మం దాకా. దిమ్మిస కొట్టించాను. పైన కాంక్రీటు."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇన్నేళ్లూ మేం లోపలికి రానివ్వలేదు," అన్నారు. ఆమెకి తాను చెబుతానన్నారు. వద్దన్నాను. చేసింది నేను, చెప్పాల్సిందీ నేనే.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. గున్నమ్మ సిమెంటు గచ్చు మీదే కూర్చుని ఉంది. ఎదురుగా గొంతుక్కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పాను. ఆవిడ సాలూరు వెళ్లిందని తెలిసే ఆ పని పెట్టుకున్నానని కూడా చెప్పాను. దిమ్మిస మాట మాత్రం ఎత్తలేదు.

ఆవిడ నల్లద్దాలు తీసి నన్ను చూసింది. "నోపలికి ఎల్లిపోనాడా?" అంది.

"ఎల్లినాడు మామ్మా."

లేచి ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఒక ఇత్తడి గ్లాసు ఉంది, అంచు సొట్టపోయినది, బావి నీళ్లతో నిండా ఉంది. అదే గ్లాసా అని నేను అడగలేదు. ఉత్తరం గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. గడప మీద ఒక్క క్షణం ఆగి, లోపల అడుగుపెట్టింది. ఫాదర్‌గారు పీఠం పక్కన నిలబడి ఉన్నారు. ముందుకి రాలేదు, వారించలేదు.

"ఎక్కడేసినావు బాబూ?"

"తెల్దు మామ్మా. మట్టి అంతా కలిసిపోనాది. గుడంతా ఉన్నాడు."

"అయితే ఎక్కడైనా ఒకటే," అంది. నడిమధ్యకి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "శౌరీ," అని పిలిచింది. అది ఆవిడ యాభై ఆరేళ్లుగా ఎవరికీ చెప్పని పేరు. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున," అంటూ గ్లాసు మూడుసార్లు వంచి నీళ్లు పోసింది. ఒక్క చుక్క కూడా తను ఉంచుకోలేదు.

నీళ్లు టైల్స్ మీద పరుచుకున్నాయి. కాస్త దూరం పాకి ఆగిపోయాయి. ఆవిడ వంగి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఏదో ఒక సందులో, ఎక్కడో ఒక్కచోట నా చేయి జారి ఉండాలని, ఒక్క వెంట్రుకవాసి బీట ఉండాలని ఆ క్షణంలో ఎంత కోరుకున్నానో చెప్పలేను. కిటికీలోంచి పడ్డ వెలుగులో నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. ఎంతసేపు చూసినా తగ్గలేదు.

గున్నమ్మ వేలితో ఒక సందు వెంట తడిమింది. "బాగా ఏసినావు బాబూ," అంది. "సుక్క దిగనేదు."

అందులో వెటకారం లేదు. పనిని చూసి నలుగురూ అనే మాటే ఆవిడా అంది. నేను ఏడ్చాను. సంచిలోంచి ఉలి, సుత్తి తీసి, ఒక టైలు లేపేస్తాను మామ్మా, కింద కాంక్రీటు కూడా పగలగొడతానన్నాను.

"ఏది లేపుతావు?" అని అడిగింది.

పీఠం నుంచి పెద్ద గుమ్మం దాకా చూశాను. నూట అరవై టైల్స్. ఏది చూపించాలో తెలియక, ఉలి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆవిడ చీర కొంగుతో ఆ నీళ్లు శుభ్రంగా తుడవడం మొదలుపెట్టింది.

"ఎల్లుండి పండగ కదా," అంది. "పిల్లలు జారి పడతారు."